కాటా దగ్గర సార్ తీయించిన ఫైలు

మా సార్ పోయారని మొన్నామధ్య పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేశారు. ఆఫీసుకి బయల్దేరుతున్నదాన్ని, చెప్పులు వేసుకుని గుమ్మంలోనే కూలబడ్డాను.

ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపు మేడ మీద మా ఆఫీసు. లారీలు తూచే కాటాలకి సాఫ్ట్‌వేర్ రాస్తాం. నాకు పని నేర్పింది సారే. కింద గ్రైండర్ మోత మొదలైతే మాట ఆపేసి, వేలితో స్క్రీన్ చూపిస్తూ పాఠం కానిచ్చేవారు. తెచ్చుకున్న అరటిపళ్లు అందరికీ పంచేవారు గాని మజ్జిగ సీసా మాత్రం ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పొగడడం ఆయనకి అస్సలు రాదు. ఎంత బాగా రాసినా "ఊఁ, తర్వాత?" అనేవారు. ఆ "ఊఁ" కోసం ఎంత చచ్చానో!

నేను చేరిన ఏడాదే అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీకి ఇద్దరం వెళ్లాం. నా కంప్యూటర్లో హాయిగా నడిచిన ప్రోగ్రాం అక్కడ తెరుచుకుంది గాని, బరువు చూపించలేదు. కాటాతో మాట్లాడే డీఎల్ఎల్ ఫైలు ఒకటుంటుంది. రాసిన ప్రోగ్రాంని వేరే కంప్యూటర్లో నడిచేలా తయారుచేయడాన్ని బిల్డ్ అంటాం; అలా చేసినప్పుడు అది మిగతా ఫైళ్లతో పాటు అక్కడికి తీసుకెళ్లే ఫోల్డర్లోకి రాకుండా నా దగ్గరే ఉండిపోయింది. గేటు దాకా లారీలు ఆగిపోయాయి. గబగబా పెన్‌డ్రైవ్‌తో దాన్ని అక్కడి కంప్యూటర్లో పడేశాను. బరువు కనిపించింది. గండం గడిచింది అనుకున్నాను.

"ఏటి సేసావమ్మా?" అన్నారు సార్.

"ఆ ఫైలు కాపీ చేశాను సార్."

"తీసీ."

"నడుస్తోంది కదా సార్!"

"నువ్వెట్టావు కాబట్టి నడుస్తంది. రేపు కంప్యూటర్ మారిస్తే ఎవులెడతారు? తీసీ."

తీసేశాను. కోపంగానే. ఒక డ్రైవర్ కిటికీలోంచి, "ఏటి సార్, పొద్దున్నుంచి ఇక్కడే ఉన్నాం, ఇంకెంతసేపు?" అని అరిచాడు. సార్ బయటికెళ్లి, "తప్పు మాదే బావా, అరగంట ఆగు" అని, వాళ్లతో పాటే ఎండలో నిలబడ్డారు. నేను లాప్‌టాప్ తెరిచి, బిల్డ్ చేసిన ప్రతిసారీ ఆ ఫైలు దానంతటదే ఫోల్డర్లోకి చేరేలా ప్రాజెక్టులో ఒక్క లైను రాశాను. మళ్లీ బిల్డ్ చేసి ఫోల్డరంతా ఎక్కించాను. బరువు వచ్చింది.

తిరుగు దారిలో గాజువాక దాకా ఆయన్ని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. తర్వాత ఎన్నోసార్లు ఆ సంగతి చెప్పి, తప్పైందని అనాలనుకున్నాను. అనలేదు. వెధవ పంతం.

ఇప్పుడు, సార్ పదోరోజు కార్యానికి వెళ్లొచ్చిన మర్నాడు ఆ ఫ్యాక్టరీ నుంచే ఫోన్. పాత కంప్యూటర్ కాలిపోయిందట, కొత్తది పెట్టారట. బిల్డ్ పంపి, ఏం నొక్కాలో చెప్పి, ఎందుకైనా మంచిదని బ్యాగు తగిలించుకుని గాజువాక స్టాపుకి పరిగెత్తాను. బస్సు వస్తుండగా కాటా దగ్గర కూర్చునే ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది.

"బరువు వచ్చీసింది మేడమ్. మీరు రానక్కర్లేదు."

బస్సు నా ముందే ఆగింది. "ఎక్కుతావేటమ్మా?" అన్నాడు కండక్టర్. ఈ మాట చెప్పాల్సిన మనిషి ఒక్కరే, ఆయన లేరు. తల అడ్డంగా ఊపి, బ్యాగు భుజానే ఉంచుకుని, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా ఏడుస్తూ అక్కడే నిలబడ్డాను.