కాలేజీ చూడటానికి బకెట్‌తో పోయిన రోజు

ఇంటర్ పాసయ్యాక నా మనసులో రెండు డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఒకటి వనపర్తిలో, ఒకటి నాగర్‌కర్నూల్‌లో. రెండింటిలోనూ మైక్రోబయాలజీ ఉంది, రెండింటికీ హాస్టల్ ఉంది. ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలో రెండు రోజుల్లో ఆన్‌లైన్‌లో తేల్చాలి. హాస్టల్ లేకుండా నాకు చదువు లేదు. మల్దకల్ దగ్గరి మా ఊళ్లో మా ఇంటికి ఆ నెలాఖరుకు తాళం పడుతుంది. అమ్మా నాన్నా కూలీల గుంపుతో కలిసి పుణెలో బిల్డింగ్ పనికి పోతారు. పోయేలోగా నన్నొక మంచి చోట దింపాలని అమ్మ బెంగ. నా బెంగ వేరే. రెండేళ్లు పుస్తకంలో బొమ్మగానే చూసిన మైక్రోస్కోపు మీద కన్ను పెట్టి చూడాలి.

"రేపు రెండు కాలేజీలు చూసొద్దాం" అని అమ్మకు చెప్పాను. పొద్దున లేచి చూస్తే గడప దగ్గర బకెట్, అందులో మగ్గు, సబ్బు, చుట్టిన చాప, చద్దరు, జొన్నరొట్టెల మూట.

"చూసొచ్చేదానికి బకెటెందుకమ్మా?"

"పోతున్నం గదా."

"ఉత్తగ చూసి మర్లొస్తం. ఇయ్యాల ఎవ్వరు చేర్చుకోరు."

"ఉత్తచేతుల్తోని పోతె ఎవరన్న జాగ ఇస్తరా?" అని బకెట్ ఎత్తుకుంది.

నేనెంత చెప్పినా ఆ మాట ఆమె తలకెక్కలేదు. మావాళ్లకు కొత్తచోటికి పోవడమంటే మూటాముల్లెతో పోయి అక్కడ ఉండిపోవడమే. చూసి తిరిగొచ్చే పని మా ఇంటా వంటా లేదు. నాకు ఒళ్లు మండింది. గద్వాలలో బస్సెక్కుతుంటే కండక్టర్ "కొత్త కాపురానికా అమ్మా?" అన్నాడు. నేను దూరంగా వెళ్లి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాను.

వనపర్తి కాలేజీ గేటు చూడగానే నేను మనసు పారేసుకున్నాను. లోపల పచ్చిక, నీళ్లు చిమ్మే ఫౌంటెన్, అద్దాల తలుపులు. ఆఫీసులోంచి ఒక సారు వచ్చి దగ్గరుండి తిప్పాడు. ఏసీ గది చూపించాడు, గోడ మీద ర్యాంకుల ఫొటోలు చూపించాడు. అమ్మ బకెట్ పట్టుకుని వెనకాలే వస్తుంటే ఆమె ఎవరో నాకు తెలియనట్టు నడిచాను. ల్యాబుకు తాళం ఉంది. తాళంచెవి ఇంకో సారు దగ్గర ఉందట. అమ్మ బకెట్ కింద పెట్టి, ఆ తాళాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

బయటికొచ్చాక "ఇదే ముందు పెడతా" అన్నాను.

"తాళం సూసినవా? తుప్పు పట్టి బిగుసుకపోయింది. రోజు తెరిసే తాళం గట్లుంటదా?"

"నువ్వు ల్యాబు ఎప్పుడన్న చూసినవా?"

"ల్యాబు తెల్వదు. తాళం తెల్సు."

నాగర్‌కర్నూల్ బస్సెక్కాం. బిజినేపల్లి దాటాక అమ్మ రొట్టె ఇస్తే తీసుకున్నాను గానీ మొహం మాత్రం కిటికీ వైపే పెట్టాను.

నాగర్‌కర్నూల్ కాలేజీ చూసి నా ప్రాణం ఉసూరుమంది. సున్నం రాలిన గోడలు, విరిగిన బెంచీ. తిప్పి చూపించడానికి ఎవరూ రాలేదు. అయితే ల్యాబు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఒక సెకండియర్ అక్క గాజు పలకలు కడుగుతోంది. ఆమె వేళ్లన్నీ ఊదారంగు. అమ్మ తిన్నగా పోయి ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"ఏంది బిడ్డా గిది?"

"సూక్ష్మజీవులు కనపడనీకె పలక మీద రంగేస్తమమ్మా. ఒకసారంటితె వారందాక పోదు."

"అయితె రోజు చేస్తరన్నట్టు."

"వారంల మూడు రోజులు."

ఆ అక్క నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు నిలబెట్టింది. మొదట ఏమీ కనిపించలేదు, నా కనురెప్పలే అడ్డొచ్చాయి. ఆమె ఏదో తిప్పింది. ఒక్కసారిగా ఊదారంగు చుక్కలు గుత్తులు గుత్తులుగా తేలాయి. ఫౌంటెన్ సంగతి అక్కడితో మరిచిపోయాను.

నేను తేరుకునేసరికి అమ్మ హాస్టల్ వంటగదిలో ఉంది. వంటామెతో పాటు పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తూ ఒక్కొక్కటే అడుగుతోంది. రాత్రి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం ఉందా, జ్వరమొస్తే దవాఖానకు ఎవరు తీసుకపోతారు, మధ్యలో విడిచిపోయినవాళ్లున్నారా, ఎందుకు పోయారు.

"ఒక పిల్ల పోయింది, నర్సింగ్‌ల సీటొచ్చిందని," అంది వంటామె. "నీళ్లకే జర తిప్పలు. పొద్దుగాల గంట సేపే వస్తయి. బకెట్ లేనోళ్లు పరేషాన్ అయితరు."

అమ్మ నా వైపు చూసి, పక్కనున్న బకెట్ మీద చెయ్యి వేసింది.

తిరుగు బస్సులో ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తే అమ్మ ఒడిలో చాప, చద్దరు ఉన్నాయి, బకెట్ లేదు.

"ఆడనే పెట్టిన. ఆ రంగు చేతుల పిల్లకు చెప్పిన, నువ్వొచ్చేదాక వాడుకొమ్మని."

నాకు నవ్వొచ్చింది. ఇంకా సీటే రాలేదు, బకెట్ మాత్రం చేరిపోయింది. ఆ నవ్వులోనే అడిగాను, "పనికి పోయిన కాడ గూడ గిట్లనే అన్ని అడుగుతవా?"

"మాకెవరు సూపిస్తరు బిడ్డా? లారీ దిగినంకనే తెలిసేది, నీళ్లున్నయో లేవో, తలుపున్నదో లేదో. పోకముందు ఒక జాగను సూసుడు నాకు గిదే మొదటిసారి."

ఆ మాట మామూలుగానే అంది. పొద్దుటి నుంచి నేను దూరంగా నడిచిన ప్రతి అడుగూ గుర్తొచ్చి సిగ్గేసింది. అమ్మకు ఆ ప్రశ్నలు తెలివితో వచ్చినవి కావు. ఒక్కో ప్రశ్న వెనక ఆమె మోసపోయిన చోటొకటి ఉంది. వెళ్లి ఆమె పక్క సీట్లో కూర్చున్నాను.

మర్నాడు నాగర్‌కర్నూల్ ముందు పెట్టాను. సీటొచ్చింది. హాస్టల్లో మొదటి పొద్దున నీళ్ల దగ్గర నా బకెట్ నాకంటే ముందే వరసలో ఉంది.

పుణె చేరిన రోజు అమ్మ ఫోన్ చేసింది. ఆమె నన్ను తిన్నావా అని అడిగేలోపే నేను మొదలుపెట్టాను. నీళ్లెప్పుడొస్తయి, తలుపుకు గొళ్లెముందా, దవాఖాన ఎంత దూరం.

అమ్మను ఈ మాటలు ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు.

"గొళ్లెం లేదు బిడ్డా," అంది. "రేపు మేస్త్రిని అడుగుత."

"రేపు కాదు. ఫోన్ పెట్టేసి ఇప్పుడే అడుగు," అన్నాను.