ఏడో గది తొమ్మిదో ఆటగాడు

మా మేస్త్రి పోయాడు. సెలవు మీద ఊరికి వెళ్లొచ్చిన మనిషొకడు మొన్న శుక్రవారం పొద్దున మామిడికాయ తొక్కు సీసా, ఈ వార్త, రెండూ ఒకేసారి మా గదికి తెచ్చాడు. సీసా నా చేతిలో పెట్టి, "మేస్త్రి ఇగ లేడన్నా. దమ్ము తిరగలే. దినాలు గూడ అయిపోయినయి" అన్నాడు. దినాలు కూడా అయిపోయాయట! మనిషి పోయి, పెట్టుపోతలు జరిగి, చుట్టాలంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక మాకు తెలిసింది. గల్ఫ్‌లో, ఈ రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీలో ఉండేవాళ్లకు చావు కబురు ఎప్పుడూ ఇంతే, చల్లారిపోయి వస్తుంది. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది.

ఆ మధ్యాహ్నం మాకు మ్యాచ్ ఉంది. పక్క గదుల వాళ్లు వచ్చి పలకరించి, ఈ వారం ఆట వద్దులే అన్నారు. ఆట ఆపితే మేస్త్రి తిట్టే తిట్లు నాకు అప్పుడే చెవుల్లో మోగాయి. ఆడి తీరతామని చెప్పి పంపించాను.

ఏం ఆట అని అడుగుతారు మీరు. బేస్‌బాల్. నవ్వకండి. మా గదిలో ఒక్కడు కూడా ఆ బ్యాటు పట్టినవాడు కాదు, ఆ మైదానం కంటితో చూసినవాడు కాదు. మాది బల్ల మీద పాచికలతో ఆడే బేస్‌బాల్. ఒక్కో ఆటగాడికి ఒక్కో అట్టముక్క, దాని మీద అంకెలు. మూడు పాచికలు వేసి, పడిన అంకెకు ఎదురుగా ఏం రాసుందో చూసుకోవాలి. కొట్టాడా, ఔటయ్యాడా, నాలుగు మూలలూ చుట్టి వచ్చాడా, అంతా ఆ అట్టే చెబుతుంది. తొమ్మిది మంది వరసగా ఆడతారు. ముగ్గురు ఔటైతే అవతలివాళ్ల వంతు. క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోండి.

ఆ పెట్టె మా క్వారీలో రాళ్లు నలగ్గొట్టే క్రషర్ బిగించడానికి వచ్చిన ఒక అమెరికా ఇంజినీరుది. ఎండకు పని ఆపే వేళ తనకు తోడు ఆడేవాడు లేక, ఆయన మా మేస్త్రిని తన క్యాబిన్‌లోకి పిలిచాడు. మేస్త్రి ఆట మీద మనసుండి వెళ్లలేదు. "ఏసీ ఉంటది, సల్లగ కూసోవచ్చని పోయిన్రా. ఆట నా మెడకు పడ్డది" అని చెప్పేవాడు. ఇంజినీరు తన దేశం వెళ్లేటప్పుడు పెట్టె మేస్త్రికే ఇచ్చేశాడు. మేస్త్రి దాన్ని తెచ్చి మా మెస్‌లో విప్పాడు. అట్టల మీది అమెరికా పేర్లు ఎవరి నోరూ తిరగలేదు. వంటవాడితో మైదా ఉడికించి, కాగితం చీలికల మీద మా పేర్లు రాయించి, ఆ పేర్ల మీద అంటించాడు. మాది ఏడో గది, అంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లం. పంజాబీల గది, పఠాన్ల గది, మలయాళీల గది కూడా తలా తొమ్మిది అట్టలు తీసుకున్నాయి. అలా మొదలైంది మా లీగు.

మొదటి సీజన్ కప్పు మాదే. దాని కథ చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గుపడాలి. మేస్త్రి ఏనాడూ పడలేదు కాబట్టి నేనూ పడను. ఇంజినీరు నేర్పినదాంట్లో సగం ఇంగ్లీషు, సగం సైగలు. అర్థం కాని చోటల్లా మేస్త్రి చెడుగుడు కలిపేశాడు. చెడుగుడులో మనవాడు అవతలివాణ్ణి ఔట్ చేస్తే, అంతకుముందు ఔటైన మనవాడొకడు లేచి బరిలోకి వస్తాడు కదా. మా బేస్‌బాల్‌లోనూ ఒకడు చుట్టి వచ్చి పరుగు తెస్తే, ఔటైనవాడొకడు లేచేవాడు. పంజాబీలకూ కబడ్డీ తెలుసు, పఠాన్లకూ తెలుసు. ఒక్కరికీ అనుమానం రాలేదు! ఆటలు ఎంతకీ తెగేవి కావు. ఒక ఇన్నింగ్స్ అయ్యేలోగా రెండు చాయ్‌లు అయిపోయేవి.

తర్వాత బనియాస్ సైటు నుంచి ఒక ఫిలిప్పీన్ వెల్డర్ మా క్యాంపుకు మారి వచ్చాడు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నిజం బేస్‌బాల్ ఆడినవాడు. మా ఆట కాసేపు చూసి తల పట్టుకున్నాడు. ఔటైనవాడు మళ్లీ ఎలా లేస్తాడని తనకొచ్చిన హిందీలో అడిగాడు. "మా దిక్కు లేస్తరు. మీ దిక్కు లేవకపోతే మేమేం జేస్తం?" అన్నాడు మేస్త్రి. చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి వెల్డర్ మాటే నెగ్గింది, అతన్నే అంపైర్‌గా పెట్టుకున్నారు. అసలు రూలు వచ్చిన రోజు నుంచి మా గది అట్టడుగునే ఉంది. మరి మొదటి కప్పు వెనక్కి ఇమ్మని పంజాబీలు గొడవ చేశారు. కప్పంటే ఒక పెద్ద స్టీలు గ్లాసు. "ఆ ఏడు రూలు గదే. అందరం గదే రూల్ల ఆడినం. ఎందుకిస్త?" అని మేస్త్రి రోజూ పొద్దున వాళ్ల గుమ్మం ముందు నిలబడి ఆ గ్లాసులోనే చాయ్ తాగేవాడు.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. పని దగ్గర మేం ఎక్కాల్సిన ప్రతి పరంజా పలక మీదా ముందు తను ఎక్కి, రెండు కాళ్లతో గట్టిగా తొక్కి చూసి, "ఆఁ, రాండ్రి" అనేవాడు. ముదీర్, అదే మా మేనేజరు, కిందనుంచి యల్లా యల్లా, తొందరగా కానివ్వండని ఎంత అరిచినా ఆ తొక్కుడు ఆపేవాడు కాదు. ఆటలోనూ అంతే మొండి. పాచికల కింద తన తువ్వాలు పరిచేవాడు. పాచికను తిడితే ఊరుకునేవాడు కాదు. ప్రతి సీజన్ మొదలయ్యే ముందు బెంచీ ఎక్కి, "ఈ ఏడు మనదే. ఎవనికన్న డౌటుంటే ఇప్పుడే లేసి పోండ్రి" అనేవాడు. కంచాల్లో అన్నం ఉండగా ఎవడు లేస్తాడు?

ఆయన వేరే సైటుకు వెళ్లిన ఒక రోజు, ఎవరూ తొక్కి చూడని పలక విరిగి మా లింగయ్య కింద పడ్డాడు. కాలు ముక్కలైంది. కట్టు ఆరకముందే కంపెనీ వీసా రద్దు చేసి విమానం ఎక్కించింది. ఖలాస్. మర్నాడు డ్యూటీ బోర్డు మీద అతని పేరు తుడిచేసి ఉంది. మేస్త్రి ఆ తుడిచిన చోట చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నేను వెనక ఉన్నాను.

ఆయన నోరు విప్పింది శుక్రవారం. పంజాబీల జట్టు నడిపే క్రేన్ ఆపరేటర్, లింగయ్య అట్ట వేరేవాడికి ఇచ్చి ఆట మొదలుపెట్టండి అన్నాడు. మేస్త్రి లేచాడు. "వీసా కంపెనీది. కంపెనీ రద్దు జేసుకున్నది. ఈ టీము కంపెనీదా? లింగయ్య ఊర్ల మంచంల పండని, ఈడ మాత్రం ఉరుకుతడు. అడ్డమొచ్చేటోడు రాండ్రి!" మా అందరి అట్టల్లోకీ పరుగులో గట్టి అట్ట లింగయ్యదే. మరి అతని పాచికలు ఎవరు వేయాలి? దానికీ మేస్త్రే దారి చెప్పాడు. పోయినవాడి మంచం మీద ఎవడు పడుకుంటాడో వాడే వేయాలి.

అప్పటినుంచి మా గదిలో అదే పద్ధతి. కొత్తగా వచ్చినవాడు పెట్టె దించకముందే, "ఇది ఎవరి మంచమో ఎరికేనా?" అని అడుగుతాం. వాడికి ఆ మనిషి ఊరు, పెళ్లాం పిల్లలు, అతను ఎందుకు వెళ్లాల్సి వచ్చింది, అన్నీ చెప్పాకే పాచికలు చేతికిస్తాం. కొత్తవాళ్లలో కొందరు ఆ మనుషులకు ఉత్తరాలు కూడా రాశారు, ముఖం చూడకుండానే. ఏళ్లు గడిచేసరికి మా తొమ్మిది మందిలో సగం ఊళ్లలోనే ఉన్నారు. అవతలి గదుల వాళ్లు మాత్రం మనిషి వెళ్లిన రోజే చీలిక పీకేసి కొత్త పేరు అంటించేవాళ్లు.

మేస్త్రి వంతు కూడా వచ్చింది. ఛాతీ ఫోటో తీసి, లోపల దుమ్ము పేరుకుందని ఇంటికి పొమ్మన్నారు. అంతవరకూ ఆయన ఆడించేవాడే కాని ఆటగాడు కాదు. వెళ్లే ముందు పెట్టెలోంచి ఎవరూ ముట్టని అట్ట ఒకటి తీశాడు. ఏ అంకె పడ్డా దాదాపు ఔటే. దాని మీద తన పేరు అంటించి, మా వరసలో తొమ్మిదో చోట పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"గదెందుకు మేస్త్రీ? మంచిది దీస్కోరాదు!"

"మంచియి మీకు గావాలె. నేనెట్లన్న ఔటైత. కని లైన్ల నిలవడ్త" అన్నాడు.

జట్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. కంపెనీ ఆయన మంచాన్ని ఫిలిప్పీన్ వెల్డర్‌కు ఇచ్చింది. అంపైరే మేస్త్రి పాచికలు వేయడం మొదలుపెట్టాడు. అన్యాయమని ఎవరూ అనలేదు. వేసిన ప్రతిసారీ ఔటే కదా.

ఇక ఈ సీజన్ సంగతి. అందరూ మమ్మల్ని ఆఖరి చోటే ఉంచుతున్నారు. పఠాన్లకు కొట్టేవాళ్లున్నారు, మలయాళీలకు ఓపిక ఉంది. మాకు లింగయ్య కాళ్లున్నాయి, మేస్త్రి నోరు లేదు. అయినా ఈ ఏడు మాదే. డౌటున్నవాళ్లు లేచి పోవచ్చు.

మొన్నటి మ్యాచ్ పంజాబీలతోనే. బల్ల దగ్గర కూర్చోగానే క్రేన్ ఆపరేటర్ మేస్త్రి అట్ట మీద వేలు పెట్టాడు. "ఇంటికి పోయినవాడంటే ఠీక్ హై. మరా హువా ఆద్మీ కైసే ఖేలేగా?" చచ్చినవాడు ఎలా ఆడతాడు అని. మంచివాడే అతను, పొద్దున అందరికంటే ముందు పలకరించడానికి వచ్చింది అతనే. నిరుడు రాళ్లు పేల్చేటప్పుడు వాళ్ల గది కుర్రవాడు ఒకడు పోయాడు. ఆ సాయంత్రమే కుర్రవాడి చీలిక ఇతనే తన గోటితో పీకేశాడు. "నేను తీశాను. మీరెందుకు తీయరు?" అన్నాడు హిందీలో.

నాకున్న కోపమంతా అక్కడ బయటపడింది. "తీయం" అన్నాను. "అయితే ఆట మీదే తేల్చుకుందాం. ఓడితే తీస్తారా?" అన్నాడు. "ఓడితే నువ్వే పీకుకో!" అనేశాను. అన్నాక మా వాళ్ల ముఖాలు చూసి నాలుక కరుచుకున్నాను. కానీ మాట జారిపోయింది.

బాగా ఆడాం. పాచికలు కూడా మా మీద జాలిపడ్డట్టే పడ్డాయి. ఆఖరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క పరుగు వెనక. ఇద్దరు ఔట్. లింగయ్య మూడో మూల దాకా వచ్చి నిలబడ్డాడు. తర్వాతి వంతు తొమ్మిదోవాడిది.

మెస్ అంతా నావైపు తిరిగింది. ఆ చోట ఇంకొకణ్ణి దింపడానికి రూలు ఒప్పుకుంటుంది, పక్కన మంచి అట్టలు కూడా ఉన్నాయి. దింపితే గెలవొచ్చు. గెలిస్తే మేస్త్రి పేరు ఉంటుంది. కానీ ఆ పేరు నిలబెట్టడానికి ఆయన్ను లైన్లోంచి లాగేయాలి. వెల్డర్ పాచికలు పట్టుకుని, "చేంజ్?" అని అడిగాడు. అంపైర్ కాబట్టి అడగాలి. అతని కళ్లు వద్దని చెబుతున్నాయి.

"మేస్త్రే ఆడ్తడు" అన్నాను. మా వాళ్లలో ఒక్కడూ కాదనలేదు.

వెల్డర్ వేశాడు. అట్ట చూశాడు. ఔట్.

ఓడిపోయాం. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, అందరి ముందూ, ఆపుకోకుండా ఏడ్చాను. ఏడుస్తూనే మేస్త్రి అట్ట తీసి క్రేన్ ఆపరేటర్ ముందు పెట్టాను. "పీకు" అన్నాను.

అతను అట్ట చేతిలోకి తీసుకున్నాడు. చీలిక మూల గోటితో గీరాడు. ఎండిన మైదా పొట్టులా రాలి, కాగితం కొస లేచింది. అక్కడ ఆగాడు. తర్వాత లేచిన కొసను బొటనవేలితో అదిమి, గట్టిగా రాసి, అట్టను మా వరసలోనే పెట్టేశాడు.

"మైదా హై క్యా?" అని అడిగాడు.

వంటవాడు గిన్నెలో తెచ్చిచ్చాడు. క్రేన్ ఆపరేటర్ తన జట్టు అట్టల్లోంచి ఒకటి తీసి, ఒక కాగితం చీలిక మీద వాళ్ల లిపిలో నెమ్మదిగా రాసి అంటించాడు. మాకెవరికీ ఆ అక్షరాలు రావు. చదవమన్నాను. నిరుడు పోయిన కుర్రవాడి పేరు పైకి చదివాడు. ఆ పేరు మా అందరికీ తెలిసిందే. అయినా మళ్లీ చదవమన్నాం.