తెగులు మడికి మందు

ఇస్సాకుగారంత మొండిమనిషిని నేను చూడలేదు. అమలాపురం దగ్గర మా వరి పరిశోధన క్షేత్రంలో ముప్ఫై రెండేళ్లు కూలీగానే పనిచేశారు. నేనక్కడ గుమాస్తాను. రెండు రకాలు కలపాలంటే చిన్న కత్తెర పట్టి, ఒక్కో పువ్వులో మగభాగం తీసేసి, కంకికి కాగితం సంచి తొడగాలి. ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగినట్టు సైంటిస్టులకే తిరగదు. నలభై ఏడో నంబరు రకం అలా ఆయన కలిపిందే. అగ్గితెగులుకి తట్టుకుంటుందని తొమ్మిదేళ్లుగా ఆశ. ఆ దాళ్వాలో, అంటే రెండో పంటలో, ఆఖరి పరీక్ష నెగ్గితే రైతుల చేలకి వెళ్తుంది. ఆయన రిటైరయ్యేదీ ఆ మార్చిలోనే.

పరీక్ష తెగులు మడిలో. చుట్టూ ఇట్టే జబ్బుపడే రకం నాటి, తెగులు బూజు కలిపిన నీళ్లు కొట్టి, జబ్బుని కావాలనే రప్పిస్తాం. స్ప్రేయరులో పోసేది ఏదైనా మావాళ్లకి మందే. ఆ బూజు నీళ్లు కూడా మందే.

జనవరిలో అక్కగారు పోయారని కబురొస్తే, ఆయన పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్తూ కొత్తగా చేరిన వీరదుర్గకి చెప్పారు. "రేపు తెగులు మడికి మందు కొట్టెయ్యమ్మా."

"ఆయ్, కొట్టేస్తానండి," అందా అమ్మాయి. పాపం, స్టోరులోంచి తెగులుని చంపే మందు తెచ్చి కొట్టింది.

నేను పంపిన ఫోటో చూసి సైంటిస్టు సాయిశ్రీగారు ఫోన్లోనే సంబరపడిపోయారు. నలభై ఏడు మీద ఒక్క మచ్చ లేదు. అక్కగారి జ్ఞాపకార్థ కూడిక అయ్యాక ఇస్సాకుగారొచ్చి, తన వరుస వైపు కాదు, చుట్టూ నాటిన రకం వైపు చూశారు. అదీ పచ్చగానే ఉంది. ఆయన మొహం మాడిపోయింది. ఏ మందు కొట్టిందో వీరదుర్గని అడిగి తెలుసుకున్నారు.

"ఎవరికి తెలుస్తుందండీ, ఊరుకోండి," అన్నాను.

"రైతు చేలో మాడిపోతే తెలుస్తుందండి. సరిగ్గా చెప్పకపోవడం నా తప్పని రాయండి. ఆ పిల్లని ఏమీ అనకండి."

ఆ ఫలితం రద్దు చేశారు. మళ్లీ ఏడాది దాళ్వాకి ఇంకోసారి పరీక్ష పెట్టారు. రిటైరైన మనిషి సఖినేటిపల్లి నుంచి బస్సెక్కి వచ్చారు. నలభై ఏడు ఆకుల నిండా బూడిదరంగు మచ్చలే. సాయిశ్రీగారు తలొంచుకుని నంబరు కొట్టేశారు.

"మిగిలిన విత్తనం ఏం చేస్తారండి?" అని నన్నడిగారు ఇస్సాకుగారు.

"మిల్లుకి పోతుందండి."

"ఓ గుప్పెడు ఇప్పిస్తారా?"

"రూలు ఒప్పుకోదండి," అన్నాను. దొంగ ఫలితానికి ఊరుకోమన్నవాణ్ణి, గుప్పెడు వడ్లకి రూలు చెప్పాను.

"ఆయ్," అని ఆయన గేటు వైపు నడిచారు.