కాలమ్ సారు నోటి డిఫెన్సు

స్కాట్లాండ్‌లో కాలమ్‌ను కుర్రతనంలోనే ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు డిఫెండర్‌గా తీసుకుంది. తన జట్టులో ఆడించకుండా చిన్న క్లబ్బులకు అరువిస్తూ వచ్చి, చివరికి వదిలేసింది. వానలో, బురదలో గోల్స్ ఆపుతూ ముప్పై అయిదు దాటాక, హైదరాబాద్ క్లబ్బొకటి పిలిస్తే వచ్చాడు. ఏడాది తిరక్కుండానే అదీ మూతపడింది.

"కాలమ్‌కే కాలం చెల్లిందండీ," అంది చందానగర్‌లో అతని ఇంటి యజమానురాలు సువార్తమ్మ. ఆవిడది బాపట్ల. ఆ చమత్కారానికి అతనే ముందు నవ్వాడు, ఎందుకంటే అతనికి తెలుగు నేర్పింది ఆవిడే.

స్వదేశం పోకుండా అతను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ జట్టుకు కోచ్‌గా కుదిరాడు. కంపెనీల పోటీ ఫైనల్ రోజు ఒక ఆటగాడికి జ్వరమొస్తే, తనే డిఫెన్సులో దిగాడు.

ఎదుటి జట్టులోని సంతోష్ జింకలా పరుగెడతాడు. కాలమ్‌కు మోకాళ్లు సహకరించలేదు కానీ నోరు సహకరించింది. బంతితో దూసుకొస్తున్న సంతోష్ పక్కకు చేరి, మర్యాదగా, "బాబూ, మీ లేసు ఊడిందండీ," అన్నాడు. స్కాట్లాండ్ మనిషి నోట బాపట్ల తెలుగు విని సంతోష్ బిత్తరపోయి కిందికి చూశాడు. లేసు గట్టిగానే ఉంది, బంతి మాత్రం లేదు.

రెండో సగంలో మళ్లీ అదే మాట వినిపించింది.

"ఇగ నేను నమ్మ సార్," అంటూ సంతోష్ ఆగకుండా ఉరికాడు. ఈసారి లేసు నిజంగానే ఊడింది. దాన్ని తొక్కుకుని బోర్లా పడ్డాడు.

"గీయన మోసం చేస్తుండు," అని రిఫరీకి మొరపెట్టుకున్నాడు.

"నిజమే చెప్పిండు గద తమ్మీ," అన్నాడు రిఫరీ.

కాలమ్ అప్పటికే నేల మీద కూర్చుని, ముసిముసిగా నవ్వుతూ సంతోష్ లేసు కడుతున్నాడు.