బూట్లు విప్పి వెళ్ళిన ఇంటర్వ్యూ

పోయిన బుధవారం నేను చేసొచ్చిన ఘనకార్యం చెప్తా వినండి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ మా కాలేజీలో మాత్రం ఎవరికీ చెప్పకండి. చెప్పినా చెప్పకపోయినా ఒకటేలెండి, మా క్లాస్‌మేట్ మురళిగాడు ఇప్పటికే హాస్టలంతా చాటింపు వేసేశాడు.

నాది కంప్యూటర్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. మా నాన్న పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే చోట ఫిట్టరు. మౌంట్ రోడ్డులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి నాకు ఇంటర్వ్యూ లెటరొచ్చిందని తెలియగానే, క్వార్టర్స్‌లో ప్రతి గుమ్మం ముందూ ఆగి మరీ చెప్పాడు. ఆదివారం నన్ను పురసవాక్కం బజారుకి తీసుకెళ్ళి నల్ల బూట్లు కొన్నాడు. "కంప్యూటర్ ఉద్యోగమంటే ఊరికేనా నైనా! కాలికి మంచి బూట్లుండాల" అన్నాడు. సాక్సులు మాత్రం పాతవే. బూట్లలో ఎవరు తొంగిచూస్తారులే అనుకున్నాను.

మా కాలేజీ ల్యాబ్ సంగతి చెప్పాలి మీకు. ల్యాబ్ కాదు, గర్భగుడి! ఏసీ, కిటికీలకి తెరలు, బయట చెప్పుల వరుస. చెప్పులతో గడప దాటామా, ల్యాబ్ అసిస్టెంట్ లేచి నిలబడతాడు. "లోపలికి దుమ్ము పోయి మెషీన్ పాడైతే మీ నాయన కొనిస్తాడా?" అని ఒకటే కేకలు. నాలుగేళ్ళుగా ఇదే అలవాటు. చల్లగాలి తగిలి, ఎదురుగా కంప్యూటర్లు కనబడితే చాలు, నాకు తెలియకుండానే కాళ్ళు ఖాళీ అయిపోతాయి.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అవును, అదే చేశాను!

నా పేరు పిలిచారు. అద్దాల తలుపు తీయగానే చల్లగాలి కొట్టింది. లోపల వరుసగా కంప్యూటర్లు. ఠక్కున వంగి, లేసులు విప్పి, బూట్లు గోడవారగా పెట్టి, లోపలికి నడిచాను. కార్పెట్ మెత్తగా తగిలినప్పుడైనా బుద్ధి రావద్దూ!

లోపల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దాయన నా ఇంటిపేరు చూసి తెలుగులోకి దిగాడు. తర్వాత కాళ్ళకేసి చూశాడు. నేనూ చూశాను. కుడి సాక్సులోంచి బొటనవేలు బయటికొచ్చి అందరినీ పలకరిస్తోంది.

"బూట్లేవయ్యా?"

"బయట విప్పాను సార్. కంప్యూటర్లున్నాయి కదా..."

"ఉంటే?"

"లోపలికి దుమ్ము పోతుంది సార్."

"పోతే ఏమైతుంది?"

"పాడైపోతాయి సార్."

"అదే, ఎట్లా పాడైతాయి? ఇంజనీరువి గదా, చెప్పు!"

డేటా స్ట్రక్చర్స్ అడిగితే గడగడా ఒప్పజెప్పేవాణ్ణి. దుమ్ము మా సిలబస్‌లో లేదే!

"పోనీ, ఎప్పుడన్నా మూత తీసి లోపల చూసినావా?"

"లేదు సార్. ముట్టుకోనివ్వరు."

ఆయన పక్కనున్న కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. మొదటి స్క్రూ విప్పబోయి ఇంకా గట్టిగా బిగించేశాను. చివరికి ఆయనే లేచి చకచకా అన్నీ విప్పి మూత ఎత్తాడు. లోపల దుమ్మండీ! ఒక దిండు కుట్టుకోవచ్చు.

"రెండేండ్లుగా రోజూ దీని మీదే పని చేస్తా ఉండాము. ఇది ఇంకా చావలేదే!" అన్నాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు.

నాకు ఏడుపొచ్చింది. బొటనవేలి గురించి కాదు. నాలుగేళ్ళు దాని ముందు కూర్చుని, లోపల ఏముందో చూద్దామని ఒక్కసారైనా అనిపించలేదే అని.

బయటికొస్తే గోడవారగా నా బూట్ల పక్కన ఇంకో జత. తర్వాతి పిలుపు మురళిది. వాడూ వట్టి సాక్సులతో నిలబడి ఉన్నాడు! నోరు తెరిచి హెచ్చరించేలోపే లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంటికొస్తే నాన్న వీధిలోనే ఎదురొచ్చాడు. "ఏమాయె నైనా?" మొత్తం చెప్పేశాను. తిట్టినా బాగుండేది. "నా కొడుక్కి స్క్రూ తిప్పేది రాదా?" అని మెల్లగా అడిగాడు. పొద్దస్తమానం రైలు పెట్టెలకి బోల్టులు బిగించే మనిషాయన. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

శుక్రవారం మురళిగాడు మైసూరుపాకు డబ్బాతో మా ఇంటికొచ్చాడు.

"బూట్లు ఎందుకు విప్పినావని నన్నూ అడిగిరి రా! ముందు పోయినోడు విప్పినాడు సార్, వాడు మా క్లాసు ఫస్టు, వానికి తెలిసే ఉంటాదని నేనూ విప్పేసినా అని ఉన్నదున్నట్టు చెప్పినా. పడీపడీ నవ్వి, నిజం చెప్పేవాడు కావాలని నన్ను తీసుకున్నారు!"

నాన్న మైసూరుపాకు నోట్లో వేసుకుని నాకేసి చూశాడు. నేను గోడకేసి చూశాను. ఏమైతేనేం, నా నాలుగేళ్ళ చదువువల్ల ఒకడికి ఉద్యోగమొచ్చింది. ఆ ఒకడు నేను కాదు, అంతే!