హీనెక్ బావ దగ్గు

హీనెక్ వోండ్రుష్కాగారు దగ్గుతారు. ఆ మాటకొస్తే చెక్ దేశపు బ్ర్నో నగరంలో దగ్గని మనిషెవరు? కానీ లోకమంతా జలుబు చేస్తే దగ్గుతుంది, ఈయన నిశ్శబ్దం దొరికితే దగ్గుతారు. సూది పడితే వినిపించేంత మౌనం ఎక్కడ ఏర్పడినా అందులో సూదికి బదులు ఈయన దగ్గు పడుతుంది. అదీ అలాంటిలాంటి దగ్గు కాదు, బొగ్గు బస్తా మెట్ల మీద దొర్లినట్టుంటుంది.

పోస్ట్‌మాస్టరుగారి అంత్యక్రియల్లో ఫాదరీ పోయినాయన పేరు చదువుతుండగా దగ్గారు. పక్కింటి పెళ్లిలో పెళ్లికొడుకు ప్రమాణం చేస్తుండగా దగ్గారు. ఇక కచేరీల సంగతి చెప్పక్కర్లేదు. వాద్యాలన్నీ సద్దుమణిగి ఒక్క కొమ్ముబూర సన్నగా పలికే చోటు వచ్చిందంటే చాలు, నాలుగో వరుసలోంచి "ఖళ్ళ్!" డాక్టరు పరీక్ష చేసి, ఆయనకు గుర్రానికి ఉండాల్సిన ఊపిరితిత్తులున్నాయనీ రోగం మాత్రం లేదనీ తేల్చాడు.

ఆయన మరదలు ఒటీలియాకు ఈ దగ్గంటే హడల్. ఆవిడ బృందగానంలో వెనక వరుస మనిషి. జుట్టు నెరుస్తోంది గానీ ఒంటరిగా ఒక్క పంక్తి పాడే యోగం ఇంతవరకూ పట్టలేదు. ఆ చలికాలం పట్టింది. ఒటీలియా నానమ్మ చిన్నప్పుడెప్పుడో ఊళ్లో ఒక్కసారి ఆడి మూలపడ్డ "చెరువు కాపరి" అనే పాత చెక్ ఒపెరాను కచేరీగా పాడాలని బృందం పెద్దలు నిశ్చయించారు. వేషాలు, తెరలు ఉండవు. గాయకులు నల్లబట్టలు కట్టుకుని వరసగా కూర్చుని, తమ వంతుకి లేచి పుస్తకం చూసి పాడడమే. పైగా రేడియోలో దేశమంతటికీ అప్పటికప్పుడే వినిపిస్తారట.

అందులో పిండిమర యజమానురాలి పాత్ర ఒటీలియాది. ఉన్నది ఒకే పంక్తి. "లేవండర్రా, గట్టు తెగింది!" మొదటి అంకంలో గట్టు తెగినట్టు కలగని ఒకసారి, చివరి అంకంలో నిజంగానే తెగినప్పుడు మరోసారి. రెండుసార్లూ వాద్యాలన్నీ ఆగిపోయాక, కటిక నిశ్శబ్దంలో, గొంతు అందీ అందని పైస్థాయిలో.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ రోజు బావని ఇంట్లో కట్టేసి రా" అంది ఒటీలియా.

"తెంచుకుని మరీ వస్తాడే" అంది అక్క బ్లాజెనా. "అప్పుడే సూటు ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు."

"మరదలా, ఎందుకే అంత కంగారు?" అన్నాడు బావ. "తేనె వేసి కషాయం తాగుతున్నా. బీరు కూడా మానేశా."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి. అయినా ఇదేం ఒపెరానే? చెరువు లేదు, చేప లేదు, కాపరికేమో మెడలో టై!"

"మాట మార్చకు బావా. ఇది తప్పితే నాకింకో పంక్తి రాదు. దగ్గనని ఒట్టెయ్."

"అవసరం లేకపోతే దగ్గను."

"దగ్గుకి అవసరమేంటి, నీ మొహం!"

కచేరీ నాడు హాలు కిటకిటలాడింది. ఓవర్‌కోట్లు వాకిట్లో అప్పగించి, సంచుల్లో తెచ్చుకున్న మెరుగు బూట్లు తొడుక్కుని జనం బుద్ధిగా కూర్చున్నారు. నాలుగో వరుసలో బావ గుండ్రటి తలని ఒటీలియా మొదటే పట్టేసింది. ముందు అరగంట సంగీతమేదీ ఆవిడ చెవికెక్కలేదు. బావ కాస్త కదిలితే చాలు, పుస్తకం వదిలి అటే చూసేది.

ఢంకాలు ఆగాయి. వయొలిన్లు ఆగాయి. వాద్యాలను నడిపించే కండక్టర్ కర్ర ఆవిడ వైపు తిరిగింది. ఒటీలియా లేచి, నోరు తెరిచింది. లోపల్నుంచి స్వరం రాలేదు. గొంతు నులిమిన కోడిపుంజు కూత ఒకటి బయల్దేరింది. సరిగ్గా అదే క్షణంలో,

"ఖళ్ళ్ ళ్ ళ్!"

హాలు హాలంతా నాలుగో వరుస వైపు తిరిగి ఉరిమి చూసింది. ఆ సందులో ఒటీలియా గొంతు ఎలాగో దారిలో పడింది. ఆవిడ మిగతా పంక్తి శుభ్రంగా పాడేసి కూలబడింది. పరువు పోయిందనుకుంది. కూత పోగొట్టిందా, దగ్గు పోగొట్టిందా అన్నది మాత్రం తేలలేదు.

విరామంలో రేడియో ఆయన ఎదురుపడి చేతులు పట్టుకున్నాడు. "మీ మొదటి స్వరం ఆ దగ్గులో కొట్టుకుపోయిందమ్మా. ఎవడో దుర్మార్గుడు! మిగతాదంతా అద్భుతం."

"మొదట్లో ఇంకేం వినపళ్లేదాండీ?"

"దగ్గు తప్ప ఏమీ లేదు."

పక్కనే బీరు తాగుతున్న, కొమ్ముబూర ఊదే ముసలి కుబాత్‌గారు కిసుక్కున నవ్వారు. "మీ బావకి దగ్గు జబ్బుందనుకుంటున్నావా, పిచ్చిపిల్లా? బూర ఊదేవాడికి ఏడాదికోసారైనా స్వరం చిట్లుతుంది. నాది చిట్లగా ఈ ఊళ్లో ఎవడైనా విన్నాడా?"

ఒటీలియా నోరు తెరిచింది. "మరి పోస్ట్‌మాస్టరుగారి అంత్యక్రియల్లో?"

"అక్కడ బూర ఊదింది నేనేగా. ఫాదరీ పోయినాయన పేరు బదులు ముందు వరుసలో కూర్చున్న తమ్ముడి పేరు చదివాడు."

"పక్కింటి పెళ్లిలో?"

"అక్కడా నేనే. పెళ్లికొడుకు ఏ అమ్మాయి పేరు చెప్పబోయాడో నన్నడక్కు. ఇప్పుడు వాళ్లకి ముగ్గురు పిల్లలు."

ఒటీలియా పరుగున వెళ్లేసరికి ఫలహారాల బల్ల దగ్గర పెద్దావిడలంతా బావను దులిపేస్తున్నారు. అక్క కార్యక్రమ పత్రంతో ఆయన వీపు మీద వాయిస్తోంది. ఆయన మాత్రం ముల్లంగి కారం దట్టించిన రొట్టెముక్క ప్రశాంతంగా నములుతున్నాడు. ఇన్నేళ్లూ ఈ మనిషిని తిట్టుకున్నందుకు ఒటీలియాకు ఏడుపొచ్చినంత పనైంది.

"బావా, నా గొంతు చిట్లుతుందని నీకెలా తెలిసింది?" అంది చెవిలో.

"నువ్వు ఊపిరి తియ్యలేదే, మింగావు. అప్పుడే అనుకున్నా."

"చివరి అంకంలో కూడా అలాగే అయితే?"

"అవదు. ఈసారి నా అవసరం ఉండదులే."

చివరి అంకం మొదలైంది. పంక్తి దగ్గరపడుతోంది. ఒటీలియా భయంభయంగా నాలుగో వరుస వైపు చూసి కొయ్యబారిపోయింది. బావ మొహం కందగడ్డలా ఉంది. విరామంలో మిగిల్చి జేబులో పెట్టుకున్న ముక్క కొరికినట్టున్నాడు, ముల్లంగి కారం పొలమారింది! జన్మంతా దొంగదగ్గులు దగ్గిన మనిషికి, అసలు దగ్గు ఇప్పుడు వచ్చింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. రెండు చేతులతో నోరు అదిమిపట్టుకుని, ఆవిడ వంకే చూస్తూ, కానీయ్ కానీయ్ అన్నట్టు తల ఊపుతున్నాడు.

వాద్యాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఒటీలియాకు భయం వెయ్యలేదు, తొందర వేసింది. పాపం, ఆయన ఎంతసేపని ఆపుకోగలడు? గుండెలనిండా గాలి పీల్చింది.

"లేవండర్రా, గట్టు తెగింది!"

స్వరం హాలు పైకప్పుదాకా గంటలా మోగింది. ఆ వెంటనే ఢంకాలూ తాళాలూ బూరలూ ఒక్కుమ్మడిగా వరదై విరుచుకుపడ్డాయి. నాలుగో వరుసలో ఒక గుండ్రటి తల మోకాళ్ల మీదికి వాలిపోయి, భుజాలు ఎగిరెగిరిపడడం ఒటీలియా ఒక్కతే చూసింది. ఆ దగ్గు మాత్రం దేశంలో ఎవరికీ వినపడలేదు.