పట్టు శాలువా, ఖాళీ గొట్టం

నాలుగేళ్ల కిందట, పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలున్నాయనగా, శామీర్‌పేట దగ్గరి మా పరిశోధన సంస్థలో నాకు ఒక అంబర్ ముక్క పని అప్పగించారు. అప్పటికి నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. అంటే యంత్రం పాడైతే తిట్లు నావి, బాగా పనిచేస్తే ఫొటో డైరెక్టర్ గారిది.

కోట్ల ఏళ్ల కిందట చెట్టు నుంచి కారిన బంక గట్టిపడి రాయిలా మారితే అంబర్ అంటారు. మా ముక్కలో ఓ గొంగళిపురుగు, దాని నోటి దగ్గర అది వదిలిన సన్నటి పట్టు దారం చిక్కుకుని ఉన్నాయి. ఆ దారంలో ప్రొటీన్ ఇంకా మిగిలి ఉందా అన్నది ప్రశ్న. దాని మీద పరిశోధన చేస్తున్నది స్వరూప, రావల్కోల్ రైతుబిడ్డ. ఆమె ఫెలోషిప్ ఆ నెలాఖరుతో సరి. ఫలితం వస్తే ఉద్యోగం, రాకపోతే మేడ్చల్ బస్సెక్కి ఇంటికి.

పద్ధతి ఇదీ. అంబర్‌ను కడిగి, వెంట్రుకంత రంధ్రం చేసి, వచ్చిన పొడిని గొట్టంలో వేసి, ఎంజైముతో ప్రొటీన్లను ముక్కలు చేస్తాం. ఆ ముక్కల్ని మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం తూచి, అవి ఏ ప్రొటీన్‌వో చెబుతుంది. పక్కనే ఏమీ వేయని మరో గొట్టానికీ ఈ పనులన్నీ చేస్తాం. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో ఏదైనా కనబడితే అది పురుగుది కాదు, మనది.

ఈ పని జరిగేది టోపీ, చేతి తొడుగులు లేనిదే ఎవరినీ రానివ్వని గదిలో. కానీ అంబర్ ఇచ్చిన పెద్దమనిషిని సన్మానించొద్దూ! వెనక యంత్రం కనబడాలని డైరెక్టర్ గారు సన్మానం ఆ గదిలోనే పెట్టించారు. వయసులో పెద్దవాణ్ణని శాలువా కప్పే భాగ్యం నాకిచ్చారు. పట్టు శాలువా. మడత విప్పి, మూతలు తీసి ఉన్న గొట్టాల ముందే ఘనంగా ఓ దులుపు దులిపి కప్పాను. ముప్పై ఏళ్ల అనుభవం మరి!

మూడు రోజులకు పట్టు ప్రొటీన్ దొరికింది. డైరెక్టర్ గారి కాళ్లు నేల మీద ఆనలేదు. విలేకరులకు కబురు వెళ్లింది. బ్లాంక్ ఇంకా నడపలేదని స్వరూప చెబితే, ఖాళీ గొట్టం కోసం యంత్రం సమయం వృథా చేయొద్దని సెలవిచ్చారు.

ఆయన భోజనానికి వెళ్లగానే ఆమె నడిపింది. మా సంస్థలో భోజన విరామం రెండు గంటలు, బ్లాంక్‌కు సరిగ్గా సరిపోతుంది.

"సార్, ఖాళీ గొట్టంల గూడ గదే పట్టున్నది," అంటూ కాగితం నా బల్ల మీద పెట్టింది. "ఇయ్యాల్టి పట్టుపురుగుతోని పొల్లుపోకుంట కలుస్తాంది. కోట్ల ఏండ్లదైతే గింత సక్కగ ఎట్లుంటది? మా అమ్మ పెండ్లి చీర ముంచినా గిదే వస్తది."

మరి నీ ఉద్యోగం సంగతేంటని అడిగాను.

"పరేషాన్ లేదా సార్? మస్తున్నది. కానీ అబద్ధం మీద నా పేరు రాసుకోను."

శాలువా దులుపు అప్పుడు గుర్తొచ్చింది. ఆ పట్టు నూగు నా చేతి మీదుగానే గొట్టాల్లో పడింది.

యంత్రం నివేదిక మీద సంతకం నాది. బ్లాంక్ ప్రస్తావన వదిలేయమని డైరెక్టర్ గారు చెప్పారు. నా పింఛను కాగితాలు కూడా తన బల్ల మీదుగానే వెళ్లాలని ఎంతో ప్రేమగా గుర్తుచేశారు. నేను బ్లాంక్ ఫలితాన్ని జతచేసి, కింద "గొట్టాల ముందు శాలువా దులిపింది నేనే" అని రాసి సంతకం పెట్టాను. విలేకరులు వార్తేమీ దొరక్క సమోసాలు తిని వెళ్లిపోయారు.

స్వరూప ఫెలోషిప్ మాత్రం నెలాఖరుకే ముగిసింది. నియమాల విషయంలో మా సంస్థ అంత నిక్కచ్చి. ఏడాది ఖాళీగా ఉండి, మందుల కంపెనీలో కల్తీ పట్టే ఉద్యోగంలో చేరింది. ఇంటర్వ్యూలో ఆమె చూపించింది ఆ బ్లాంక్ కాగితమేనట.

నా వీడ్కోలు సభలో నాకూ పట్టు శాలువా కప్పారు, ఈసారి కాన్ఫరెన్స్ హాల్లో. ఆ ఉదంతం నేర్పింది ఇంతే: ముందు ఖాళీ గొట్టం నడపాలి, తర్వాత శాలువా కొనాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నాకు నేర్పిన పాఠం ఇది. నేను దాన్ని రెండోసారి నేర్చుకోవడానికి ఆ అమ్మాయికి ఓ ఏడాది పోయింది, నాకేమీ పోలేదు.